ఇరవై ఒక్క దినాల బిల్లు

పాఠ్యభాగ నేపథ్యం

శాసనసభలో ఆమోదం పొందిన ప్రతి బిల్లూ చట్టం కాదు. పౌరశాస్త్ర గ్రంథాలలో ఒక్క వాక్యంగా కనిపించే ఈ విషయం, ఒక రాష్ట్ర ప్రజల జీవితంలో ఎంతటి ప్రాముఖ్యం వహించగలదో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019లో ఆమోదించిన 'దిశ' బిల్లు చరిత్ర తెలియజేస్తుంది. నేరం, శిక్ష, ప్రజాభద్రత అనే మూడింటి నడుమ శాసనం నిర్వహించగల పాత్ర ఎంత, నిర్వహించలేని పాత్ర ఎంత అనే విచారణ ఈ పాఠంలోని ప్రధానాంశం.

పాఠ్యభాగం

2019 నవంబరు 27వ తేదీ రాత్రి హైదరాబాదు శివార్లలోని శంషాబాదు టోల్‌గేటు సమీపాన ఒక యువ పశువైద్యురాలు అపహరణకు, సామూహిక అత్యాచారానికి, హత్యకు గురైంది. మరునాటి ఉదయం షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వంతెన క్రింద ఆమె దేహం కాలిన స్థితిలో లభించింది. ఇటువంటి నేరాలలో బాధితురాలి పేరును వెల్లడించడాన్ని చట్టం నిషేధిస్తుంది. అందువలన పోలీసులు ఆమెను 'దిశ' అనే పేరుతో వ్యవహరించారు. ఆ పేరు కొద్ది దినాలలోనే దేశమంతటా మారుమ్రోగింది.

ఆ రాత్రి జరిగిన మరొక విషయాన్ని ఇక్కడ గుర్తుంచుకోవాలి. అమ్మాయి కనిపించడం లేదని ఫిర్యాదు చేయడానికి ఠాణాకు వెళ్లిన కుటుంబసభ్యులకు, ఆ స్థలం తమ పరిధిలోనిది కాదనే సమాధానం ఎదురైంది. ఒక ఠాణా నుండి మరొక ఠాణాకు తిరగడంలో విలువైన సమయం గడిచిపోయింది. కేసు నమోదులో జాప్యం చేశారన్న కారణంపై ముగ్గురు పోలీసు సిబ్బందిని ఆ తరువాత సస్పెండ్ చేశారు. శిక్ష ఎంత కఠినంగా ఉండాలనే చర్చ దేశమంతటా జరిగిన ఆ రోజులలో, ఈ మొదటి కొన్ని గంటల విషయం మాత్రం పత్రికల లోపలి పుటలకే పరిమితమైంది.

నలుగురు నిందితులను పోలీసులు వెంటనే అరెస్టు చేశారు. వారిపట్ల ప్రజాగ్రహం కట్టలు తెంచుకొంది. వారి పక్షాన వాదించబోమని షాద్‌నగర్ న్యాయవాదులు ప్రకటించారు. ఏ నిందితునికైనా న్యాయవాదిని నిరాకరిస్తూ న్యాయవాద సంఘాలు చేసే తీర్మానాలు చెల్లవని సర్వోన్నత న్యాయస్థానం 2010లోనే తీర్పు చెప్పి ఉన్నదనే సంగతి ఆ ఆవేశంలో ఎవరికీ పట్టలేదు. కేసు విచారణకై మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్‌ట్రాక్ న్యాయస్థానాన్ని ఏర్పాటు చేశారు గాని, ఆ న్యాయస్థానం ఒక్క సాక్షిని కూడా విచారించే అవసరం రాలేదు. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున, నేరం జరిగిన తీరును పరిశీలించడానికి చటాన్‌పల్లికి తీసుకొనివెళ్లిన ఆ నలుగురూ పోలీసు కాల్పులలో మరణించారు. జనం పోలీసులపై పూలు చల్లారు.

ఆ కాల్పులపై విచారణకు సర్వోన్నత న్యాయస్థానం విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన త్రిసభ్య సంఘాన్ని నియమించింది. 2022 మే నెలలో వెల్లడైన ఆ సంఘం నివేదిక, నిందితులను చంపే ఉద్దేశంతోనే పోలీసులు కాల్పులు జరిపారని నిర్ధారించింది. పదిమంది పోలీసు అధికారులపై విచారణ జరపాలని సూచించింది. నలుగురిలో ముగ్గురు ఆ నాటికి పద్దెనిమిదేళ్లు నిండనివారని కూడా పేర్కొన్నది. ఇది దాదాపు రెండున్నరేళ్ల తరువాతి మాట. 2019 డిసెంబరులో మాత్రం, తక్షణ న్యాయం లభించిందన్న తృప్తి సర్వత్రా వ్యాపించి ఉండెను.

నేరం జరిగింది తెలంగాణలో. బిల్లు వచ్చింది ఆంధ్రప్రదేశ్‌లో. రాష్ట్రాలు రెండైనా భాష ఒకటి, చదివే పత్రికలు ఒకటి, ఆడపిల్లలను చదువులకూ ఉద్యోగాలకూ పంపే తల్లిదండ్రుల భయం ఒకటి. కృష్ణకు ఆవలి ఒడ్డున జరిగిన నేరం ఈవలి ఒడ్డున శాసనసభను కదిలించడంలో ఆశ్చర్యం లేదు. నేరం జరిగిన పదహారవ రోజున, అనగా 2019 డిసెంబరు 13వ తేదీన, ఆంధ్రప్రదేశ్ శాసనసభ రెండు బిల్లులను ఆమోదించింది. నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం తరఫున హోంమంత్రి మేకతోటి సుచరిత వాటిని ప్రవేశపెట్టారు. మొదటి బిల్లు క్రిమినల్ చట్టాలను రాష్ట్రానికి వర్తించే మేరకు సవరించేది. రెండవది మహిళలపై, బాలలపై జరిగే నేరాల విచారణకు నాటి పదమూడు జిల్లాలలోను ప్రత్యేక న్యాయస్థానాలను నెలకొల్పేది.

బిల్లులోని ప్రధానాంశం కాలపరిమితి. 2018 నాటి కేంద్ర సవరణ ప్రకారం అత్యాచార కేసులలో దర్యాప్తుకు రెండు నెలలు, అభియోగపత్రం దాఖలైన పిదప విచారణకు రెండు నెలలు గడువు ఉండేది. దిశ బిల్లు దర్యాప్తును ఏడు పనిదినాలకు, విచారణను పద్నాలుగు పనిదినాలకు కుదించింది. ఈ రెండింటి మొత్తమే ఇరవై ఒక్క దినాలు. అప్పీలు పరిష్కారానికి ఆరు నెలలకు బదులు మూడు నెలల గడువును నిర్దేశించింది. తగిన నిర్ధారక సాక్ష్యం ఉన్నప్పుడు అత్యాచారానికి మరణదండన విధించడానికి వీలు కల్పించింది. సామాజిక మాధ్యమాల ద్వారా స్త్రీలను వేధించేవారికి తొలిసారి రెండేళ్ల వరకు, మరల చేస్తే నాలుగేళ్ల వరకు కారాగార శిక్షను ప్రతిపాదించింది. నేరస్థుల వివరాలతో ఒక పట్టికను రూపొందించి ప్రజలందరికీ అందుబాటులో ఉంచాలని కూడా తెలిపింది. కేంద్రప్రభుత్వం 2018లో ప్రారంభించిన ఇటువంటి పట్టిక పోలీసు మున్నగు సంస్థల వినియోగానికే పరిమితమైనది.

ఒక రాష్ట్ర శాసనసభ దేశమంతటికీ చెందిన శిక్షాస్మృతిని సవరించగలదా అనే సందేహం ఇక్కడ కలుగుతుంది. సవరించగలదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో శాసనాధికారాలు మూడు జాబితాలుగా విభజింపబడ్డాయి. ప్రజాశాంతి, పోలీసు అనే అంశాలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. క్రిమినల్ చట్టం, క్రిమినల్ విచారణ ప్రక్రియ అనేవి ఉమ్మడి జాబితాలో మొదటి రెండు అంశాలు. ఉమ్మడి జాబితాలోని అంశంపై పార్లమెంటు, శాసనసభ రెండూ శాసనం చేయవచ్చును గాని, రెండింటికీ వైరుధ్యం ఏర్పడితే 254వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టమే నిలుస్తుంది. అయితే అదే అధికరణంలోని రెండవ ఖండం ఒక వెసులుబాటును కల్పించింది. రాష్ట్ర బిల్లును గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు పంపి, రాష్ట్రపతి ఆమోదిస్తే, ఆ రాష్ట్రం వరకు రాష్ట్ర చట్టమే చెల్లుతుంది. రాష్ట్రపతి ఎంతకాలంలో నిర్ణయం తీసుకోవాలో 201వ అధికరణం చెప్పలేదు. రాష్ట్రపతి కేంద్ర మంత్రిమండలి సలహాపై నడచుకొంటారు గనుక, వాస్తవానికి ఆ పరిశీలన కేంద్ర మంత్రిత్వశాఖల బల్లలపై జరుగుతుంది.

ఈ మార్గంలో ఆంధ్రప్రదేశ్ అంతకు పూర్వమే ఒకసారి విజయవంతంగా నడచింది. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో ఆమెపై దౌర్జన్యం చేయడానికి భారత శిక్షాస్మృతి 354వ సెక్షను గరిష్ఠంగా రెండేళ్ల శిక్షను మాత్రమే విధించే రోజులలో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1991లో ఆ సెక్షనును సవరించి, ఐదేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు శిక్షను నిర్దేశించింది. 2012 నాటి ఢిల్లీ సంఘటన తరువాత గాని పార్లమెంటు ఆ సెక్షనును కఠినతరం చేయలేదు. అప్పుడు కూడా గరిష్ఠ శిక్ష ఐదేళ్లే! తెలుగునాట ఈ సవరణ సంగతి న్యాయవాదులకు తప్ప ఇతరులకు అంతగా తెలియదు. దాని వెనుక ఊరేగింపులు, పూలవర్షాలు లేవు.

ప్రజాగ్రహం నుండి చట్టాలు పుట్టడం తప్పేమీ కాదు. మహారాష్ట్రలో ఠాణాలోనే అత్యాచారానికి గురైన ఒక ఆదివాసీ బాలిక కేసులో పోలీసులను సర్వోన్నత న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టగా, 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. అంతకు ముందటి ఏడు హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక స్త్రీపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. దానిపై జస్టిస్ ముక్తదర్ సంఘం విచారణ జరిపింది. ఇటువంటి సంఘటనలపై రేగిన ఉద్యమాల ఫలితంగా 1983లో చట్టం మారింది. పోలీసుల వంటివారి నిర్బంధంలో జరిగిన అత్యాచారం విషయంలో, తాను సమ్మతించలేదని బాధితురాలు చెబితే, న్యాయస్థానం దానిని సత్యంగా భావించి విచారణ సాగించాలనే సూత్రం అప్పుడే ప్రవేశించింది. ఆ సవరణ ఆగ్రహం నుండి పుట్టినా, నేరస్థులు ఏ కంత గుండా తప్పించుకొంటున్నారో గుర్తించి ఆ కంతను పూడ్చింది. కావున దిశ బిల్లు విషయంలో అడుగవలసిన ప్రశ్న కూడా ఇదే. జాప్యం ఎక్కడ జరుగుతున్నది? ఈ బిల్లు సరిగ్గా అక్కడనే చేయి పెట్టిందా?

ఒక అత్యాచార కేసు నడక ఎట్టిదో చూడవలెను. ఫిర్యాదు నమోదు కావాలి. బాధితురాలికి ఇరవై నాలుగు గంటలలో వైద్యపరీక్ష జరగాలి. మేజిస్ట్రేటు ఎదుట ఆమె వాంగ్మూలం నమోదు చేయాలి. సంఘటనా స్థలంలో పంచనామా జరిపి, దుస్తులు, రక్తపు మరకలు, వెంట్రుకలు మొదలగు వాటిని సేకరించి, సీలువేసి ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపాలి. డి.ఎన్.ఎ. పరీక్షకు ప్రయోగశాలలో పట్టే సమయం కొన్ని రోజులే కావచ్చు. కాని ఆ నమూనా వంతు వచ్చేదాకా వేచి ఉండే కాలం నెలల తరబడి సాగుతుంది. రాష్ట్ర విభజన నాటికి ఉమ్మడి రాష్ట్రపు ప్రధాన ప్రయోగశాల హైదరాబాదులో ఉండేది. నూతన ఆంధ్రప్రదేశ్ తన వ్యవస్థను చాలావరకు మొదటినుండి నిర్మించుకోవలసి వచ్చింది. ప్రయోగశాల నివేదిక రానిదే అభియోగపత్రం బలహీనమవుతుంది. నివేదిక లేకుండా ఏడవ రోజున న్యాయస్థానానికి పరుగెత్తే దర్యాప్తు అధికారి, నిందితుని తరఫు న్యాయవాదికి చేజేతులా ఆయుధం అందించినవాడవుతాడు.

ఆ పిమ్మట విచారణ. నిందితునికి పత్రాల ప్రతులు అందాలి. అతనికి న్యాయవాది ఉండాలి. లేకపోతే ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. అభియోగాలు ఖరారైన తరువాత వైద్యుడు, పంచులు, ప్రయోగశాల నిపుణుడు, దర్యాప్తు అధికారి, బంధువులు ఇలా పదుల సంఖ్యలో సాక్షులు రావాలి. ఒక్కొక్కరిని నిందితుని న్యాయవాది ఎదురు ప్రశ్నించాలి. బదిలీ అయిపోయిన వైద్యుడు ఒక వాయిదాకు రాకపోతే వారం గడిచిపోతుంది. సాక్ష్యాలు ముగిశాక నిందితుడు చెప్పుకోదలచినది వినాలి. వాదనలు, తీర్పు ఆ తరువాత. మరణశిక్ష విధిస్తే దానిని హైకోర్టు ధ్రువీకరించనిదే అమలు చేయరాదు. ఈ మెట్లలో దేనినీ అనవసరమని తీసివేయలేము. నిజమైన దోషి తప్పించుకోకుండా, నిర్దోషి ఉరికంబం ఎక్కకుండా చూసే మెట్లు ఇవే. తెలుగువారికి 'ఆలస్యం అమృతం విషం' అనే సామెత ఒకటి, 'నిదానమే ప్రధానం' అనే సామెత మరొకటి ఉన్నాయి. న్యాయస్థానం ఈ రెండింటినీ ఒకేమారు పాటించవలసి ఉంటుంది.

సత్వర విచారణ అసాధ్యమని దీని భావం కాదు. సత్వర విచారణ పౌరుని జీవించే హక్కులో భాగమేనని సర్వోన్నత న్యాయస్థానం 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసులో స్పష్టం చేసింది. అది సాధ్యమేనని తెలంగాణ న్యాయస్థానాలే నిరూపించాయి. 2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసిబిడ్డపై జరిగిన ఘోరానికి సంబంధించిన కేసులో, రెండు నెలలు నిండకముందే, ఆగస్టు 8వ తేదీన వరంగల్లు న్యాయస్థానం మరణశిక్ష విధించింది. నవంబరులో హైకోర్టు దానిని జీవితాంతపు కారాగార శిక్షగా మార్చింది. ఆ నాటికి దిశ బిల్లు అనే ఆలోచనే లేదు. శ్రద్ధగల దర్యాప్తు, సమయానికి అందిన నివేదికలు, రోజువారీ విచారణ ఉంటే పాత చట్టం క్రిందనే అది సాధ్యమైంది.

రెండవ ఉదాహరణ మరింత ఆలోచింపజేస్తుంది. శంషాబాదు సంఘటనకు మూడు రోజుల ముందు, 2019 నవంబరు 24వ తేదీన, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో ఊరూరా తిరిగి చిన్న చిన్న వస్తువులు అమ్ముకొని జీవించే ఒక దళిత స్త్రీ సామూహిక అత్యాచారానికి, హత్యకు గురైంది. ఆమెకు పోలీసులు 'సమత' అని పేరు పెట్టారు. ఆ పేరు పార్లమెంటులో మారుమ్రోగలేదు. ఆమె కోసం మహానగరాలలో కొవ్వొత్తులు వెలగలేదు. అయినను ఆదిలాబాదులో ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడి, సాక్షులను విచారించి, 2020 జనవరి 30వ తేదీన ముగ్గురు దోషులకు మరణశిక్ష విధించింది. నేరం నుండి తీర్పునకు పట్టినది అరువది ఏడు రోజులు. ఒకే వారంలో జరిగిన రెండు నేరాలు. ఒకదానిలో తుపాకి మాట్లాడింది, రెండవదానిలో న్యాయస్థానం మాట్లాడింది. బిల్లుకు పేరు మాత్రం మొదటిదాని నుండి వచ్చింది. పద్నాలుగు దినాలలో విచారణ ముగించాలని ఆశించిన బిల్లు ఏ కేసు పేరు ధరించిందో, ఆ కేసులో ఒక్క దినమైనా విచారణ జరగలేదు!

మరి ఏళ్ల తరబడి సాగే జాప్యం ఎక్కడిది? 2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ సంఘటన, ప్రజలు 'నిర్భయ' అని పిలిచిన కేసు, దీనికి సమాధానం చెబుతుంది. క్రింది న్యాయస్థానం తొమ్మిది నెలలలో, 2013 సెప్టెంబరులో, మరణశిక్ష విధించింది. హైకోర్టు ఆరు నెలలలో ధ్రువీకరించింది. సర్వోన్నత న్యాయస్థానం తీర్పు 2017 మే 5వ తేదీన వెలువడింది. పునస్సమీక్ష వినతులు, క్షమాభిక్ష వినతులు ముగిసి శిక్ష అమలైనది 2020 మార్చి 20వ తేదీన. ఏడేళ్లకు పైబడిన ఈ కాలంలో అత్యధిక భాగం ఢిల్లీలోని అత్యున్నత పీఠాల వద్ద గడిచింది. దిశ బిల్లు విచారణ కాలాన్ని కత్తిరించింది. అయితే సర్వోన్నత న్యాయస్థానపు వాయిదాలను గాని, క్షమాభిక్ష వినతులను గాని రాష్ట్ర శాసనసభ తాకలేదు. అవి దాని అధికార పరిధిలోనివి కావు.

మరణశిక్ష విషయం మరింత జటిలమైనది. ఢిల్లీ సంఘటన తరువాత నియమితమైన జస్టిస్ జె.ఎస్. వర్మ సంఘం, దాదాపు ఎనభై వేల సూచనలను పరిశీలించి ఇరవై తొమ్మిది రోజులలో నివేదిక సమర్పించింది. (కాలపరిమితికి కట్టుబడి పని ముగించిన ప్రభుత్వ సంఘాలు మన దేశంలో అరుదు గనుక ఈ సంఖ్యను గుర్తుంచుకోవచ్చు.) స్త్రీల పక్షాన అంత గట్టిగా నిలిచిన ఆ సంఘమే అత్యాచారానికి మరణశిక్షను సిఫార్సు చేయలేదు. కారణాలు విస్మరించదగినవి కావు. అత్యాచారానికి, హత్యకు శిక్ష ఒకటే అయితే, ఏకైక సాక్షి అయిన బాధితురాలిని బ్రతకనీయరాదనే దురాలోచన నేరస్థునికి కలుగవచ్చు. పైగా జాతీయ నేర గణాంక సంస్థ నివేదికలు ఏటేటా చూపేది, అత్యధిక కేసులలో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని. బంధువో, పొరుగువాడో ఉరికంబం ఎక్కుతాడంటే, ఫిర్యాదు చేయవద్దని ఇంటిలోనివారే ఆ అమ్మాయి నోరు నొక్కే ప్రమాదం ఉంది. శిక్ష తప్పనిసరి చేయడంలో మరొక అడ్డంకి కలదు. న్యాయమూర్తికి విచక్షణ లేకుండా మరణశిక్షను తప్పనిసరి చేసిన 303వ సెక్షనును సర్వోన్నత న్యాయస్థానం 1983లో మిఠూ కేసులో రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. అత్యంత అరుదైన కేసులలో మాత్రమే ఆ శిక్ష విధించాలని 1980లోనే బచన్‌సింగ్ కేసులో నిర్దేశించింది.

ఇక బిల్లు గతి ఏమైనదో చూడవలెను. రాష్ట్రపతి ఆమోదం కొరకు వెళ్లిన బిల్లులపై కేంద్ర మంత్రిత్వశాఖలు సందేహాలు లేవనెత్తాయి. ప్రత్యేక న్యాయస్థానాల బిల్లును మార్పులతో 2020 డిసెంబరులో శాసనసభ మరల ఆమోదించి పంపింది. ఉత్తరప్రత్యుత్తరాలు సాగాయి. ఆమోదం మాత్రం రాలేదు. ఈలోగా రాష్ట్రంలో 'దిశ' పేరు అంతటా వ్యాపించింది. 2020 ఫిబ్రవరి 8వ తేదీన రాజమహేంద్రవరంలో తొలి దిశ పోలీసు స్టేషను ప్రారంభమైంది. ఆపదలో ఉన్న స్త్రీ సెల్‌ఫోను ద్వారా పోలీసులను పిలిచేందుకు యాప్ వచ్చింది. వీటికి రాష్ట్రపతి ఆమోదం అవసరం లేదు. పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోనిది. స్టేషన్లు, వాహనాలు, సిబ్బంది, యాప్ ఇవన్నీ పరిపాలనాపరమైన నిర్ణయాలు. కాని సభలలో, ప్రకటనలలో, పత్రికలలో సైతం 'దిశ చట్టం' అనే మాటే వినిపించింది. చట్టం కాని దానిని చట్టమని పిలవడం చిన్న పొరపాటుగా తోచవచ్చు. తన బిడ్డ కేసు ఇరవై ఒక్క రోజులలో తేలుతుందని నమ్మి ఠాణాకు వచ్చిన తల్లికి అది చిన్న పొరపాటు కాదు. బిల్లులోని సెక్షన్ల క్రింద ఒక్క కేసునైనా నమోదు చేసే అధికారం ఏ అధికారికీ లేదు.

ఆంధ్రప్రదేశ్ బాటలో మహారాష్ట్ర 2021 డిసెంబరులో 'శక్తి' బిల్లును ఆమోదించింది. కలకత్తాలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో 2024 ఆగస్టు 9వ తేదీన యువ వైద్యురాలు హత్యాచారానికి గురికాగా, పశ్చిమ బెంగాల్ శాసనసభ సెప్టెంబరు 3వ తేదీన 'అపరాజిత' బిల్లును ఆమోదించింది. దర్యాప్తుకు ఇరవై ఒక్క రోజులు, విచారణకు ముప్పై రోజులు అని అందులోనూ గడువులు ఉన్నాయి. అదే నెలలో గవర్నరు దానిని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. ఆ వైద్యురాలి కేసులో దోషికి 2025 జనవరి 20వ తేదీన యావజ్జీవ కారాగార శిక్ష పడింది. ఆ తీర్పు వెలువడినది అమలులో ఉన్న కేంద్ర చట్టాల క్రిందనే.

2024 జూలై 1వ తేదీన భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోనికి వచ్చాయి. దిశ బిల్లు ఏ చట్టాలను సవరించదలచినదో ఆ చట్టాలే రద్దయ్యాయి. ఐదవ ఏట, ఎవరూ కొట్టివేయకుండానే, ఆ సవరణలు ఆధారం కోల్పోయాయి. కొత్త ప్రక్రియా చట్టంలో అత్యాచార కేసుల దర్యాప్తు గడువు రెండు నెలలుగానే నిలిచింది. ఏడేళ్లు లేదా అంతకు మించిన శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటనా స్థలానికి రావడం తప్పనిసరి చేయబడింది. రాష్ట్రాలు దీనిని ఐదేళ్లలోగా అమలు చేయవలసి ఉన్నది. అనగా ప్రయోగశాలలు, నిపుణుల సంఖ్య ఆ మేరకు పెరగాలి.

ఆ చట్టంలోని 173వ సెక్షను మరొక మాట చెబుతుంది. నేరం ఏ ప్రాంతంలో జరిగినను, సమాచారం అందుకొన్న ఠాణా దానిని నమోదు చేయవలసిందే. దీనినే వ్యవహారంలో జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఇట్లు నమోదు చేయాలని కేంద్ర హోంశాఖ 2013లోనే రాష్ట్రాలకు సూచించింది. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి శంషాబాదులో ఆ కుటుంబం ఠాణా మెట్లెక్కేనాటికి ఆ సూచన వెలువడి ఆరేళ్లు గడిచాయి.

కఠిన పదాలు – అర్థాలు

అభియోగపత్రం : నేరారోపణ వివరాలతో పోలీసులు న్యాయస్థానానికి సమర్పించే పత్రం, ఛార్జిషీటు
అధికరణం : రాజ్యాంగంలోని నిబంధన
వైరుధ్యం : పరస్పర విరోధం
వెసులుబాటు : వీలు, సౌకర్యం
నిర్ధారక సాక్ష్యం : నేరాన్ని నిశ్చయంగా రుజువుచేసే ఆధారం
వాంగ్మూలం : అధికారి ఎదుట చెప్పిన మాటల నమోదు
విచక్షణ : యుక్తాయుక్తాలను ఎంచి నిర్ణయించే శక్తి
జటిలమైన : చిక్కులతో కూడిన

అభ్యాసం

1. ఉమ్మడి జాబితాలోని అంశంపై రాష్ట్రం చేసిన శాసనం ఏ పరిస్థితిలో పార్లమెంటు చట్టాన్ని మించి చెల్లుతుంది? వివరించండి.
2. 'దిశ', 'సమత' కేసుల గమనంలోని భేదాన్ని పాఠం ఆధారంగా రాయండి.
3. అత్యాచారానికి మరణశిక్షను వర్మ సంఘం సిఫార్సు చేయకపోవడానికి గల కారణాలను చర్చించండి. మీ అభిప్రాయాన్ని జోడించండి.
4. "చట్టం కాని దానిని చట్టమని పిలవడం చిన్న పొరపాటుగా తోచవచ్చు." సందర్భాన్ని వివరించి వ్యాఖ్యానించండి.
5. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణను గురించి ఐదు వాక్యాలలో రాయండి.